వరాలత్త వేసిన బీరకాయ బజ్జీలు

ఈ వేసవిలో మా వరాలత్త పోయింది. మా నాన్నగారికి చెల్లెలు. పెళ్ళయి వెళ్ళిన కొద్ది కాలానికే పుట్టింటికి వచ్చేసి, ఆ తరవాత జీవితమంతా మాతోనే గడిపిన మనిషి. చివరికి అమలాపురంలో నా ఇంట్లో, మధ్యాహ్నం భోంచేసి పడుకుని, మళ్ళీ లేవలేదు. కార్యక్రమాలన్నీ అయ్యేక ఆవిడ వాడిన ఇనప మూకుడు తోమించి అటక మీద పెట్టించేను. పారెయ్యడానికి మనసొప్పలేదు, కళ్ళెదురుగా ఉంచుకోడానికీ ఒప్పలేదు. పనమ్మాయి మార్కెట్టు నుంచి బీరకాయలు తెచ్చి, బజ్జీలు వెయ్యనా అమ్మగారూ అని అడుగుతోంది. నూనె పడటం లేదు, పప్పులో వేసెయ్యమని చెబుతున్నాను. సంగతి నూనె కాదు. ఆ బజ్జీల వెనకాల మా చిన్నతనంలోని ఒక పూట ఉంది. మొన్నమొన్నటిదాకా దాన్ని ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు కొత్తపేట దగ్గర. కొంత వరి, కొంత కొబ్బరి. తాతయ్య, మామ్మ, అమ్మా నాన్నా, నేను. వరాలత్త వచ్చేక ఆవిడ. వంటింటి వెనకాల దొడ్లో తాటిదుంగల పందిరి మీద బీరపాదు అల్లుకుని ఉండేది. సాయంత్రం ఎండ దిగేవేళకి పసుప్పచ్చ పువ్వులు విచ్చుకుని, ఆ కింద నిలబడితే ఒక పచ్చి వాసన వచ్చేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ముందు ఆకలి వేస్తుంది, తరవాత భయం వేస్తుంది. లేత కాయలు చూసి కోసుకొచ్చి, అత్త కత్తిపీట ముందు కూచునేది. గట్లు మాత్రం తీసి, ఆ పొట్టు పచ్చడికి పక్కన పెట్టి, కాయని చక్రాల్లా తరిగేది. మరీ పల్చగా తరిగితే నూనెలో పీచైపోతుంది, మందంగా ఉంటే లోపల పచ్చిగా ఉండిపోతుంది. తరిగే ముందు ప్రతి కాయకీ తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి నాలిక మీద పెట్టుకుని చూసేది. బీరకాయన్నాక ఎప్పుడో ఒకటి చేదుది తగులుతుంది, పైకి చూస్తే తెలీదు. తగిలితే ఆ కాయని దొడ్డి చివరికి విసిరేసేది. గేదెకి కూడా వెయ్యనిచ్చేది కాదు.

శనగపిండిలో గుప్పెడు బియ్యప్పిండి, కారం, ఉప్పు, అరచేతిలో నలిపిన వాము. మూకుట్లో నూనె కాగేక ఒక గరిటెడు ఆ పిండిలో పోస్తే సుయ్యిమనేది. కొబ్బరి డొక్కల మంట గదా, ఒకసారి ఎగసేది, ఒకసారి చల్లారేది. అత్త దాన్ని కళ్ళతోనే కనిపెట్టి డొక్కలు లాగేది, తోసేది. మొదటి వాయి తాతయ్యకి వెళ్ళేది. వీధి అరుగు మీద పడక్కుర్చీలో కూచుని, బజ్జీ తుంచి లోపల బీరకాయ ముక్కని చూసి, గాజుపలకలా ఉందర్రా అనేవారు. మామ్మ నూనె వాసన పడదని ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుంటూనే నాలుగు తినేది. అమ్మ అందరి తరవాత తినేది, అప్పటికి చల్లారిపోయేవి. ఆ రోజుల్లో కోడళ్ళు వేడిగా ఏదన్నా తిన్నారంటే ఒంట్లో బాగులేనట్టే.

అత్త భర్త ఆలమూరు వైపు మనిషి. మండపేటలో ఒక రైసుమిల్లు లెక్కలు చూసేవాడు. నేను మావయ్యా అని పిలిచేదాన్ని. ఇప్పుడు రాయబోతే ఆ మాట రావడం లేదు. ఆయన అనే రాస్తాను. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. మా ఊరు వస్తే పాలేరుని కూడా అండీ అని పిలిచేవాడు. మామ్మకి తమలపాకులు, నాకు జీళ్ళు తెచ్చేవాడు. తెల్ల చొక్కా, జేబులో మడత నలగని రుమాలు. అలాంటి అల్లుడు మా వైపు ఊళ్ళలో లేడని తాతయ్య అరుగు మీద కూచున్న ప్రతివాళ్ళకీ చెప్పేవారు. అందుకనే ఒకనాడు అత్త ఒంటరిగా, చేతిలో చిన్న సంచితో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి, ఇంట్లో ఎవరూ తప్పు ఆయన వైపు వెతకలేదు.

అత్త ఎడమ చేతి మీద, మోచేతికి కిందుగా, ఒక మచ్చ ఉండేది. నూనె చిందిందని చెప్పేది. అమ్మ ఒకరోజు నూతి దగ్గర అత్త తలకి నీళ్ళు పోస్తూ ఆ చెయ్యి పట్టుకుంది. నేను పక్కనే చెంబుతో ఆడుకుంటున్నాను.

"నూనె చిందితే చుక్కలు పడతాయి వరాలూ. ఇది అట్లకాడ ఆకారంలో ఉందేంటి?"

అత్త అమ్మ భుజం మీద తల పెట్టి చెప్పింది. నాకు సగమే వినిపించింది, ఆ సగం కూడా అప్పుడు అర్థం కాలేదు. పెద్దయ్యేక అమ్మ మిగతాది చెప్పింది. నలుగురిలో ఆయన దేనికీ వంక పెట్టడు. కూరలో ఉప్పు తక్కువైనా బాగుందంటాడు, వచ్చినవాళ్ళ ముందు భార్య వంటని మెచ్చుకుంటాడు. వాళ్ళని గుమ్మం దాకా సాగనంపి, తలుపు గడియ పెట్టి, అప్పుడు లెక్క చెబుతాడు. అరుపులుండవు. పక్క వాటావాళ్ళకి కూడా వినిపించదు. అమ్మ ఆ సంగతి నాన్నతో చెప్పింది, నాన్న తాతయ్యతో చెప్పేరు. తాతయ్య నమ్మలేదు. "ఆ అబ్బాయి అలాంటివాడు కాదు. కాపరం అన్నాక సవాలక్ష ఉంటాయి. దీనికి ఓర్పు తక్కువ" అన్నారు. మామ్మ అయితే ఊళ్ళో ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలన్న దాని దగ్గరే ఆగిపోయింది. మంచిరోజు చూసి అమ్మాయిని తీసుకెళ్ళమని ఆయనకి కబురు వెళ్ళింది.

ఆయన వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. అరుగు మీద నీళ్ళు చల్లి, తాతయ్య, నాన్న, ఆయన కూచున్నారు. లోపల అత్త పెట్టె సర్దేసి ఉంది. మామ్మ వంటింట్లోకి వచ్చి, "బస్సుకింకా టైముందిలే. అల్లుడిగారికి వేడివేడిగా బజ్జీలు వెయ్యి. నీ చేతివంటే ఇష్టంట గదా" అంది. అత్త దొడ్లోకి వెళ్ళి కాయలు కోసుకొచ్చింది. నేను రోలు పక్కన కూచుని చూస్తున్నాను. ఎప్పటిలాగే ఒక్కొక్క కాయ కొసా కోసి నాలిక మీద పెట్టుకుంది. ఒక కాయ దగ్గర మొహం అదోలా పెట్టింది. చేదుది తగిలిందని నాకు తెలిసింది. కానీ దాన్ని విసిరెయ్యలేదు. కాసేపు చేతిలో పట్టుకుని కూచుంది. తరవాత అన్నిటికంటే జాగ్రత్తగా దాన్ని తరిగి, ఒక గిన్నెలో విడిగా పెట్టింది.

మంచి కాయలవి ఒక వాయి వేసి తాతయ్యకీ నాన్నకీ పంపింది. చేదుది విడిగా వేసి, వేరే పళ్ళెంలో పెట్టి, తనే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి వచ్చింది. వాటిలో రెండు మూడు వంటింట్లోనే మిగిలేయి. నేను ఒకటి అందుకోబోతే నా చేతి మీద చిన్నగా కొట్టి, "అవి కాదమ్మా. అవి నీకు కాదు" అంది. అత్త నా మీద చెయ్యి చేసుకోవడం అదే మొదటిసారి. అరుగు మీంచి ఆయన గొంతు వినపడింది. "చాలా బాగున్నాయండి. ఉంటే ఇంకో రెండు పెట్టమనండి." ఆ మాట వినగానే అత్త పొయ్యి ముందు కూలబడిపోయింది.

అప్పుడే దొడ్లోంచి బట్టలు తీసుకుని వచ్చిన అమ్మకి ఏదో తేడాగా తోచి, మిగిలినవాటిలో ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. వెంటనే బయటికి పరిగెత్తి ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి వచ్చింది.

"ఇదేంటి వరాలూ? ఇవి ఆయనకి పెట్టేవా?"

"పెట్టేను వదినా. కావాలనే పెట్టేను."

"ఎందుకే?"

"మామూలు మనిషైతే ఏం చేస్తాడు? ఉమ్మేస్తాడు. చేదుగా ఉందండీ అంటాడు. లేకపోతే నామీద కసురుతాడు. నేను చెబితే మీరెవరూ నమ్మలేదు గదా, ఒక్కసారి కసిరితే చూస్తారనుకున్నాను. కానీ బాగున్నాయన్నాడు. ఇంకో రెండు అడిగేడు. అంటే ఇంటికెళ్ళేక చూసుకుంటానని నాకు చెబుతున్నాడు. నేను వెళ్ళలేనొదినా. నన్ను పంపించకండి."

మా అమ్మ తాతయ్య ఎదుట ఎప్పుడూ నిలబడి మాట్లాడి ఎరగదు. మంచినీళ్ళు కావాలా అని కూడా తలుపు వెనకనుంచే అడిగేది. ఆ రోజు చెంగు భుజం నిండా కప్పుకుని, మిగిలిన ఆ బజ్జీలు ఒక పళ్ళెంలో పెట్టుకుని, వీధి గుమ్మం దాటి అరుగు మీదికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"మావయ్యగారూ, అన్నయ్యగారికి పెట్టినవి ఇవేనండి. ఒకటి తిని చూడండి."

తాతయ్య విస్తుపోయి చూసేరు. కోడలు అలా ఎదురుగా రావడమే ఆయనకి కొత్త. పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని కొరికేరు. వెంటనే అరుగు చివరికి వెళ్ళి మందారచెట్టు మొదట్లో ఉమ్మేసి, చెంబులో నీళ్ళు నోట్లో పోసుకుని, చాలాసేపు పుక్కిలించేరు. వచ్చి కూచుని అల్లుడి పళ్ళెం వంక చూసేరు. అందులో పిండి రజను తప్ప ఏమీ లేదు.

"ఏంటి బాబూ, ఇంత విషంలా ఉంటే తిన్నారా?"

"తిన్నానండి."

"చేదుగా ఉన్నాయని చెప్పొద్దా?"

ఆయన జేబులోంచి రుమాలు తీసి, వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది. "ఇక్కడెందుకులెండి. ఇంటికెళ్ళేక చెప్పుకుంటాను" అన్నాడు.

చాలా మెత్తగా అన్నాడు. కొత్తగా విన్నవాళ్ళకి అందులో తప్పు కూడా కనపడదు. కానీ నాన్న తల ఎత్తి చూసేరు. తాతయ్య కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి కదలకుండా ఉండిపోయేరు. వీధిలో ఎవరో సైకిలు మీద వెడుతూ దణ్ణం పెడితే కూడా చూడలేదు.

"ఎలా చెబుతారు?" అని అడిగేరు తాతయ్య చివరికి.

ఆయన గడియారం చూసుకుని, "బస్సు వేళవుతోందండి. తెమలమనండి" అన్నాడు.

"అమ్మాయి ఇవాళ రాదండి."

"మరెప్పుడు రమ్మంటారు?"

"నేను కబురు చేస్తాను."

ఆయన లేచి, చెప్పులు తొడుక్కుని, నాన్నకి చెప్పి, తలుపు వెనకున్న మామ్మకి వస్తానత్తయ్యగారూ అని చెప్పి, మా అమ్మ వంక ఒక్క క్షణం చూసి, వెళ్ళిపోయేడు. తాతయ్య మళ్ళీ కబురు చెయ్యలేదు.

ఇక్కడితో ఆపితే ఇది మా అమ్మ ధైర్యం కథ అవుతుంది. చాలా కాలం నేను అలాగే అనుకున్నాను కూడా. కానీ ఆ తరవాత ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. మామ్మ అమ్మతో నెలల తరబడి సూటిగా మాట్లాడలేదు. కూతురి కాపరం కోడలు కూల్చిందని, వచ్చిన చుట్టాలందరి దగ్గరా అమ్మ వినేలా చెప్పుకునేది. అత్తని పేరంటాలకి పిలవడం మానేసేరు. పిలిచినవాళ్ళు వెనక వరసలో కూచోబెట్టేవారు. అత్త కుట్టుమిషను నేర్చుకుంది. ఊళ్ళో సగం మంది జాకెట్లు ఆవిడే కుట్టేది. కొలతలు ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళు ఆవిణ్ణి ఒకటే అడిగేవారు, ఆయన మళ్ళీ రాలేదా అని. అత్త నోట్లో గుండుసూదులు పెట్టుకుని తల అడ్డంగా ఊపేది.

ఏడాది దాటేక కాబోలు, విడాకులు కూడా అయిపోయేక, ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చేడు. మండపేట అవతల ఊరట. సన్నంగా, ఎండకి నల్లబడి, చేతిలో గొడుగుతో. తాతయ్య కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చేరు. పెద్దాయన తాగి, మొహమాటపడుతూ, వచ్చిన పని చెప్పేడు. మా అల్లుడికి తన కూతురినిద్దామని అనుకుంటున్నారు. విడాకులయినట్టు కాగితాలు చూసేరు. అయినా ఒకసారి మీ నోటితో విందామని వచ్చేనండి, అన్నాడు. అబ్బాయి ఎలాంటివాడండీ, మీ అమ్మాయికీ అతనికీ ఎందుకు పడలేదండీ, అని అడిగేడు.

వంటింట్లో అమ్మ, అత్త, మామ్మ ముగ్గురూ వింటున్నారు. అమ్మ లేచి రెండడుగులు వేసింది. మామ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఒకసారి నోరు తెరిచేవు, చాలు. మన పిల్ల బయట పడింది. ఇప్పుడు మనమే చెబితే, మన పిల్ల అట్లకాడ దెబ్బలు తిని వచ్చిందని పదూళ్ళు చెప్పుకుంటాయి. రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు?" అంది, నా వంక చూపిస్తూ. అమ్మ నా వంక చూసింది. కూచుండిపోయింది. అత్త గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. అరుగు మీద తాతయ్య గొంతు నెమ్మదిగా వినపడింది. "అబ్బాయి మంచివాడేనండి. మా అమ్మాయికి ఆరోగ్యం సరిగ్గా ఉండేది కాదు. అంతకుమించి ఏమీ లేదండి." పెద్దాయన ఆయ్, ఆయ్ అంటూ తల ఊపి, గొడుగు తీసుకుని, సంతోషంగా వెళ్ళిపోయేడు.

అమ్మ చివరిరోజుల్లో ఆసుపత్రి మంచం మీద అడిగింది నన్ను ఒకసారి. ఆ పెద్దాయన పేరేంటో నీకు గుర్తుందా అని. నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు. ఆ తరవాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు కాలం మారిందంటారు. మారింది కూడా. మా వీధిలో ఒకమ్మాయి పెళ్ళయిన కొద్ది నెలలకే వచ్చేస్తే, తండ్రి కారు వేసుకెళ్ళి సామానంతా తెచ్చుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం చేసుకుంటోంది, ఎవరూ వెనక వరసలో కూచోబెట్టడం లేదు. కానీ సంబంధాల గురించి ఆరా తీస్తూ ఇప్పటికీ నాకు ఫోన్లు వస్తాయి. టీచరుగా పనిచేసేను కాబట్టి చాలా ఇళ్ళు తెలుసనుకుంటారు. కుటుంబం మంచిదేనాండీ అని అడుగుతారు. అడిగేవాళ్ళకి తొందర, చెప్పేవాళ్ళకి భయం. ఫోన్లో అయితే మొహాలు కూడా కనపడవు. ఆ కాలంలో గొడుగేసుకుని ఎండలో నడిచొచ్చి అడిగేవారు, మనం కొబ్బరిబొండం ఇచ్చి అబద్ధం చెప్పేవాళ్ళం. తేడా అంతే అనిపిస్తుంది ఒక్కోసారి.

అత్త పెద్దకర్మ రోజున భోజనాలు అయిపోతుండగా ఒకావిడ ఆటో దిగి గేటు దగ్గర నిలబడింది. అత్త కంటే కొంచెం చిన్నది. నేత చీర, చేతిలో గుడ్డసంచి. చుట్టాల్లో ఎవరో అనుకుని లోపలికి తీసుకొచ్చి కూచోబెట్టేను. మంచినీళ్ళు తాగి, తన పేరు సత్యవతి అని చెప్పింది. మండపేట అవతల ఊరట.

"వరలక్ష్మిగారు పోయేరని పేపర్లో ఫొటో చూసేనండి. కింద పుట్టిల్లు, ఊరి పేరు రాసేరు గదా, అప్పుడు తెలిసింది. ఆవిడ తరవాత ఆ ఇంటికి వెళ్ళింది నేనేనండి."

భోజనం చెయ్యండి అన్నాను. వద్దంది. అత్త ఫొటో చూపించమంది. దండ వేసిన ఫొటో ముందు నిలబడి చాలాసేపు చూసింది. దణ్ణం పెట్టలేదు. వచ్చి మళ్ళీ కుర్చీలో కూచుంది.

"ఆయన పోయి ఆరేళ్ళయిందండి. అప్పుడే వద్దామనుకున్నాను. పిల్లలు ఎందుకమ్మా అన్నారు. ఇవాళ చెప్పకుండా వచ్చేను."

"ఆయనతో మీకు..." అని ఆగిపోయేను.

"మీకు తెలుసు గదండీ" అంది. కోపంగా అనలేదు. "మా నాన్న మీ ఇంటికి వచ్చేరు. మీ తాతగారు మంచివాడేనన్నారని వచ్చి చెప్పేరు. ఆ తరవాత నేను ఎన్నిసార్లు పుట్టింటికి వచ్చినా, అంత పెద్దమనిషి అబద్ధం ఆడతారా అని తిప్పి పంపించేసేవారు. నేను చెప్పింది నమ్మలేదండి. మీ తాతగారు చెప్పింది నమ్మేరు."

పక్కగదిలో చుట్టాలు విస్తళ్ళు తీస్తున్నారు. ఎవరో నన్ను పిలిచేరు, వస్తున్నానన్నాను గానీ లేవలేకపోయేను.

"ఆవిడ ఎందుకు వచ్చేసేరో చెప్పండి. అప్పుడు మా నాన్నకి చెప్పవలసింది ఇప్పుడు నాకు చెప్పండి. వినాలని ఉంది."

చెప్పేను. నూతి దగ్గర అత్త చెయ్యి నుంచి మొదలుపెట్టి, చేదు బజ్జీలు, అరుగు మీద తాతయ్య, ఆయన వేళ్ళు తుడుచుకోవడం, ఇంటికెళ్ళేక చెప్పుకుంటానన్న మాట, అన్నీ చెప్పేను. వాళ్ళ నాన్న వచ్చిన రోజు మా అమ్మ రెండడుగులు వేసి ఆగిపోవడం కూడా చెప్పేను. ఆ మాట దగ్గర ఆవిడ తల పైకెత్తి, "అక్కడ ఆగిపోయేరా" అంది. అవునండి అన్నాను.

ఆవిడ సంచి ఒళ్ళోకి తీసుకుని, దాని కాడలు సరిచేసుకుంది. "ఇది అప్పుడే వినుంటే మా నాన్న నన్నిచ్చేవారు కాదండి. గట్టిమనిషి కాదు గానీ, నేనంటే ప్రాణం" అంది.

క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఎవరి తరఫున అడగాలో తెలియలేదు. తాతయ్య, మామ్మ, అమ్మ, ఇప్పుడు అత్త, అడగవలసిన వాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ కూడా అందుకోసం రాలేదని తెలుస్తూనే ఉంది. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఆటో బయటే ఉంచింది. నేను గేటు దాకా వెళ్ళేను. ఆటో ఎక్కి కూచున్నాక, మా వైపు అందరం అనే మాటే అలవాటుగా నా నోట్లోంచి వచ్చేసింది.

"మళ్ళీ రండి" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, డ్రైవరుతో పోనివ్వమని చెప్పింది.